దిగంతం దిగివచ్చిన అరవై ఏళ్లు

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో హెండ్రిక్ అవర్‌కాంప్ వేసిన చలికాలపు బొమ్మ ఒకటి ఉంది. 1608 ప్రాంతంలో వేసినది. గడ్డకట్టిన నీటి మీద ఇసకేస్తే రాలనంత జనం. జారేవాళ్లు, పడేవాళ్లు, బరువులు మోసేవాళ్లు, అందరి ముందూ ఒంటికి పోసేవాడు, ఎడమ పక్కన పాత తలుపును పుల్లకు ఆనించి పెట్టిన పిట్టల బోను. కన్ను ఎక్కడ వాలినా ఎవరో ఏదో పనిలో ఉంటారు. ఇంతమందికీ చోటు కావాలి గనక నేలా ఆకాశమూ కలిసే గీత బొమ్మలో బాగా పైకి పోయింది. ఆకాశానికి మిగిలింది పైన కాస్త పొగమంచు. అదే దేశంలో, హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్‌లో ఇంకో బొమ్మ ఉంది. యాకోబ్ వాన్ రాయిస్డాల్ 1670-75 మధ్య వేసిన హార్లెం ఊరి దృశ్యం. ఎత్తు 55.5 సెంటీమీటర్లు, వెడల్పు 62. అందులో నేలకు దక్కింది మూడో వంతు. ఊరూ, గుడీ, గాలిమరలూ, ఎండలో పరిచిన నారబట్టలూ అన్నీ ఆ కాస్త పట్టీలోనే సర్దుకున్నాయి. మిగతాదంతా మబ్బులు. ఈ రెండింటికీ మధ్య అరవై ఏళ్లకు పైచిలుకు కాలం గడిచింది. నేల మారలేదు, మనుషుల కళ్లూ మారలేదు, గీత మాత్రం కిందికి దిగింది. ఎందుకు దిగిందన్నదానికి కళాచరిత్రలో చాలా జవాబులున్నాయి. నాకు సబబుగా తోచే జవాబు కొంచెం మొరటుది: బొమ్మకు డబ్బిచ్చేవాడు మారాడు, అతను బొమ్మ నుంచి కోరేది మారింది. గీత ఎక్కడ పడాలో ప్రకృతి కన్నా ముందు బేరం నిర్ణయించింది.

ముందు ఆ గీత ఏమిటో తేల్చుకుందాం. దిగంతం అంటే దిక్కు ముగిసే చోటు. క్షితిజమనీ అంటాం, నేల నుంచి పుట్టినదని దాని అర్థం. డచ్చివాళ్ల సొంత మాట ఐండర్, అందులోనూ ముగింపే ఉంది. బొమ్మలు వేసేవాళ్లు మాత్రం ఏ ఊళ్లోనైనా హొరైజన్ లైన్ అనేస్తారు. చదును నేల మీద గానీ సముద్రపు ఒడ్డున గానీ నిలబడితే ఆ గీత ఎప్పుడూ మన కంటి ఎత్తునే ఉంటుంది. కూర్చుంటే మనతో పాటు కూర్చుంటుంది, మేడెక్కితే మనతో పాటు ఎక్కుతుంది. భూమి గుండ్రం గనక 1.6 మీటర్ల ఎత్తున్న కంటికి అది సుమారు 4.5 కిలోమీటర్ల దూరాన కనిపిస్తుంది. 25 మీటర్ల గోపురం ఎక్కితే ఆ దూరం 18 కిలోమీటర్ల దాకా పోతుంది. అందువల్ల బొమ్మ వేసేవాడి ముందు రెండు వేరువేరు ప్రశ్నలుంటాయి. వీటిని కలిపేయడం వల్లే ఈ విషయంలో సగం గందరగోళం. మొదటిది, కన్ను ఎంత ఎత్తున ఉంది? రెండోది, చట్రం ఎక్కడ కోసింది? కన్ను గోపురం మీదున్నా చట్రాన్ని ఆకాశం వైపు జరిపితే గీత అడుగుకు వస్తుంది. కన్ను నేలబారున ఉన్నా చట్రాన్ని కిందికి దించితే గీత పైకి పోతుంది. మొదటి ప్రశ్నకు జ్యామితి జవాబు చెబుతుంది. రెండోదానికి చెప్పదు. అది పూర్తిగా చిత్రకారుడి ఇష్టం, ఇష్టమనే ముసుగులో ఉండే ఇతర ఒత్తిళ్ల పని.

గీత పైనున్న కాలం నుంచి మొదలుపెడితే వరస తెలుస్తుంది. ఆంట్‌వెర్ప్‌లో 1515లో చిత్రకారుల సంఘంలో చేరిన యోఆకిం పాటినిర్, ప్రకృతి దృశ్యాన్నే ప్రధాన వృత్తిగా చేసుకున్న తొలి యూరప్ చిత్రకారుల్లో ఒకడు. 1520 ప్రాంతంలో ఆ ఊరికొచ్చిన ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ తన దినచర్య పుస్తకంలో అతన్ని మంచి ప్రకృతి చిత్రకారుడిగానే రాసుకున్నాడు. పాటినిర్ బొమ్మల్లో కన్ను గద్దలా పైనుంటుంది. దగ్గర గోధుమరంగు, నడుమ ఆకుపచ్చ, దూరాన నీలం, ఆ నీలం చివర చాలా పైన సన్నని గీత. దాని కింద నది, కొండ, ఊరు, పొలం, ఓడ, ఎక్కడో ఒక మూల గోరంత సాధువు. ఇలాంటి వాటికి తర్వాతివాళ్లు ప్రపంచ దృశ్యాలని పేరు పెట్టారు. లోకమంతా ఒక పలక మీదికి ఎక్కాలంటే నేలను నిలువుగా లేపి నిలబెట్టక తప్పదు. 1565లో పీటర్ బ్రూగెల్, ఆంట్‌వెర్ప్ వర్తకుడు నిక్లాస్ యోంగెలింక్ కోసం ఏడాది కాలాల వరస వేశాడు. వియన్నాలో ఉన్న మంచులో వేటగాళ్లు ఆ వరసలోదే. అక్కడా గీత పైనే. దాని కింద చెరువులు, చిమ్నీకి అంటుకున్న మంట, ఒక్క కొక్కేనికి వేలాడే పూటకూళ్లింటి బోర్డు, ఎన్ని సార్లు చూసినా ఇంకా ఏదో మిగిలే ఉంటుంది. అదే యోంగెలింక్ మరుసటి ఏడాది ఇంకొకరి బాకీకి హామీగా తన బొమ్మల్ని నగరానికి తాకట్టు పెట్టాడు, అందులో బ్రూగెల్ బొమ్మలే 16. ఆ కాలానికి పెద్ద బొమ్మంటే పొలం లాంటి ఆస్తి. ఎంత విస్తీర్ణం, అందులో ఏమేమున్నాయి అని లెక్క చెప్పగలిగే ఆస్తి. పై గీత బొమ్మను నేను చెప్పించుకునే బొమ్మ అంటాను. యజమాని అతిథిని పక్కన నిలబెట్టుకుని వేలు పెట్టి చూపిస్తూ చెప్పుకుంటూ పోయేందుకు అది పనికొస్తుంది.

ఇక మొదటి అభ్యంతరం. హాలండ్ అరచేయంత చదునుగా ఉండే దేశం, అక్కడివాళ్లు ఉన్నది ఉన్నట్టు వేయడం మొదలుపెట్టగానే గీత దానంతటదే దిగిందని చాలామంది రాశారు. వినడానికి బాగుంటుంది గానీ నిలబడదు. బ్రూగెల్ బతికిన బ్రబాంట్ కూడా చదును నేలే. వేటగాళ్ల వెనక కనిపించే కొండలు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేవు. ఇటలీ వెళ్లి వస్తూ చూసిన ఆల్ప్స్‌ను అతను తెచ్చి తన ఊరి వెనక నిలబెట్టాడు. చదును నేల అతనికి అడ్డు రాలేదు, దారీ చూపలేదు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం సముద్రం. ఏ శతాబ్దంలోనైనా సముద్రం ఒకే చదును. హార్లెం చిత్రకారుడు హెండ్రిక్ వ్రోమ్ ఓడల బొమ్మలకు పేరుపడ్డాడు. నగర సభలూ నౌకాదళ అధికారులూ అతనికి గిరాకీలు. ఏ ఓడ ఎవరిది, ఏ జెండా ఏ ఊరిది, ఎవరు ఎవరిని గుద్దారు అన్నది వాళ్లకు తెలియాలి. అందుకని వ్రోమ్ కంటిని పైకెత్తి, నీటిని పళ్లెంలా వంచి, ఓడలన్నిటినీ విడివిడిగా కనిపించేలా పరిచాడు. అతని తర్వాతి తరం యాన్ పోర్సెల్లిస్ బొమ్మల్లో అదే సముద్రం అడుగున సన్నని పట్టీ అయింది. ఒకటి రెండు చేపల పడవలు, మీద బూడిదరంగు ఆకాశం. నీటి చదును కారణమైతే ఇద్దరి గీతా ఒకే చోట పడాలి. పైగా హాలండ్‌లో అత్యంత చదునైన నేల అప్పుడే కొత్తగా పుట్టుకొస్తున్నది. బీమ్‌స్టర్ సరస్సును గాలిమరలతో తోడి 1612 నాటికి సుమారు ఏడు వేల హెక్టార్ల పొలం తేల్చారు. గీత గీసినట్టుండే ఆ కొత్త పొలాల్ని చిత్రకారులు దాదాపు పట్టించుకోలేదు. వాళ్లు పాత ఇసుకదిబ్బలూ, కూలిన కోటలూ, వంకర కాలవల వెంటే తిరిగారు.

రెండో అభ్యంతరం శాస్త్రానిది. దృక్కోణ శాస్త్రం వచ్చి చిత్రకారుల్ని గద్ద కంటి నుంచి మనిషి కంటికి దించిందని. శాస్త్రం వచ్చిన మాట నిజమే, కానీ ఎప్పుడో వచ్చింది. ఆ గీత బొమ్మలో నిలబడ్డ మనిషి ఎత్తును మించకూడదని లియోన్ బత్తిస్తా అల్బెర్తి 1435లోనే రాశాడు. అప్పుడే చూసేవాడూ బొమ్మలోని వాళ్లూ ఒకే నేల మీద ఉన్నట్టు అనిపిస్తుందని అతని వాదం. ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు పైగా ఆంట్‌వెర్ప్ ప్రకృతి చిత్రకారులు ఆ సూత్రాన్ని పక్కనపెట్టి హాయిగా బతికారు. తెలియక కాదు. నేలబారు చూపు అదే ఊళ్లో అచ్చులో ఉంది కూడా. హియరోనిమస్ కాక్ అనే ముద్రాపకుడు 1559లోనూ 1561లోనూ ఆంట్‌వెర్ప్ చుట్టూ ఉన్న పల్లెల బొమ్మల్ని రెండు వరసలుగా అచ్చువేశాడు. వేసినవాడి పేరు నేటికీ తేలలేదు. మట్టిదారి, పూరిళ్లు, చెట్లు, నడిచేవాడి కంటికి ఎలా కనబడతాయో అలాగే. కథ లేదు, సాధువు లేడు, కొండలు లేవు. కాగితం మీద చవకగా అమ్మే బొమ్మలో గీత దిగింది. అదే ఊళ్లో, అదే ఏళ్లలో, ఖరీదైన పలక మీద గీత దిగలేదు. ఈ తేడాను శాస్త్రంతో వివరించలేం. 1612లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్లాస్ యాన్స్ విస్హర్ ఆ పల్లె బొమ్మల్లో కొన్నిటిని మళ్లీ చెక్కించి అమ్మాడు. అమ్ముడుపోవాలి గనక వాటికి బ్రూగెల్ పేరు తగిలించాడు. అంటే ఏభై ఏళ్ల పాటు కాగితాల కట్టల్లో పడున్న చూపుకు అప్పటికి గిరాకీ పుట్టిందన్నమాట. పుట్టించినవాళ్లు హార్లెం, ఆమ్‌స్టర్‌డామ్‌లలో కొత్తగా నాలుగు డబ్బులు చేరిన మధ్యతరగతి.

ఈ గిరాకీ ఎలాంటిదో చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. స్పెయిన్ సేనలు 1585లో ఆంట్‌వెర్ప్‌ను పట్టుకున్నాక అక్కడి చిత్రకారులు గుంపులుగా ఉత్తరానికి వలసపోయారు. ప్రొటెస్టెంట్ హాలండ్‌లో గుడికి బొమ్మలు వేయించేవాళ్లు లేరు, పెద్ద రాజాస్థానమూ లేదు. ఎవరో ముందుగా చెప్పి వేయించుకునే పద్ధతి సన్నగిల్లి, వేసి పెట్టుకుని అంగట్లో అమ్ముకునే పద్ధతి బలపడింది. కొనేవాడికి కావలసింది తాకట్టుకు పనికొచ్చే లోకపటం కాదు, గోడకు ఒకటి. అలాంటివి ఇంటికి అయిదారు. దీనికి పోర్సెల్లిస్ జీవితంలోనే ఒక రుజువుంది. 1615లో, ఇంకా ఆంట్‌వెర్ప్‌లో ఉండగా, ఒక పీపాల తయారీదారుతో అతను ఒప్పందం రాసుకున్నాడు. 20 వారాల్లో 40 ఓడల బొమ్మలు ఇవ్వాలి. వారానికి రెండు! వ్రోమ్‌లా తాళ్లూ జెండాలూ లెక్కపెట్టి వేస్తూ కూర్చుంటే ఏడాదికి రెండు మూడు తెమిలితే గొప్ప. పై గీత బొమ్మలో నేల ఎంతుంటే పని అంత. ప్రతి అంగుళంలోనూ ఒక మనిషో, మొక్కో, మేకో ఉండాల్సిందే. గీత దించితే ఆ పని మూడో వంతుకు పడిపోతుంది. యాన్ వాన్ గోయెన్ ఈ కిటుకును వంటపట్టించుకున్నాడు. 1620ల చివర నుంచి అతను, పీటర్ డ మోలైన్, సాలమన్ వాన్ రాయిస్డాల్ ముగ్గురూ గీత దించి, రంగులు తగ్గించి, మట్టిరంగులతో పలుచగా వేయడం మొదలుపెట్టారు. వాన్ గోయెన్ పలకల్లో చాలాచోట్ల కింది చెక్క ఈనె కనిపిస్తుంది. అతను వేసినవి 1,200కు పైనే మిగిలాయి. డెల్ఫ్ట్ ఊళ్లో నాటి ఇళ్ల ఆస్తి జాబితాలు తిరగేసిన ఆర్థిక చరిత్రకారుడు జాన్ మైకేల్ మాంటియాస్, శతాబ్దం గడిచేకొద్దీ కథల బొమ్మలు తగ్గి ప్రకృతి దృశ్యాలు పెరగడాన్ని లెక్కతో చూపాడు. వాన్ గోయెన్ తరహా పద్ధతిని అతను నేత పరిశ్రమలో కొత్త మగ్గం వచ్చినట్టు, ఖర్చు తగ్గించిన ఉత్పత్తి విధానంగా చూశాడు. వాన్ గోయెన్‌ను మాత్రం ఆ పొదుపు కాపాడలేదు. 1637 నాటి తులిప్ దుంపల జూదంలో చేయి కాల్చుకుని, 1656లో అప్పులతోనే పోయాడు.

గీత దించితే లాభమే గాని నష్టం లేదా? ఉంది, అది జనం. ఇది కాస్త నిదానంగా చూడాల్సిన మెలిక. గీత చిత్రకారుడి కంటి ఎత్తున ఉంటుంది గదా. అతను నేల మీద నిలబడి ఉంటే, ఎదుట చదునులో నిలబడ్డ ప్రతి మనిషి తలా, పది అడుగుల దూరంలో ఉన్నా ఫర్లాంగు దూరంలో ఉన్నా, ఆ గీత దగ్గరే వస్తుంది. దూరపువాళ్ల కాళ్లు పైకి లేస్తాయి గాని తలలు మాత్రం తాడు కట్టి సరిచేసినట్టు ఒకే వరసలో ఉంటాయి. ముందువాడు వెనకవాణ్ని కప్పేస్తాడు. వందమంది ఉన్నా పదిమందే కనిపిస్తారు. అవర్‌కాంప్ తన తొలి బొమ్మలో కంటిని మేడ ఎత్తుకు తీసుకుపోయింది ఇందుకే: మంచు మీద ప్రతివాడికీ విడిగా చోటు దొరకాలి. పుట్టుమూగ అయిన ఆ చిత్రకారుడు మాటల బదులు మనుషుల్ని పేర్చాడనిపిస్తుంది నాకు. వయసు పెరిగేకొద్దీ అతని గీత కూడా దిగింది, జనం పలచబడ్డారు, ఆకాశం విచ్చుకుంది. చాలామంది విమర్శకులు దీన్ని అభివృద్ధి అంటారు. చిత్రకళ చిన్నప్పుడు పైనుంచి చూసి, పెద్దయ్యాక నేల మీద నడవడం నేర్చిందన్నట్టు. నాకు ఆ వరస నచ్చదు. చివరి బొమ్మల్లో గాలి బాగుంది, నిజమే. మొదటి బొమ్మలో ఉన్న ఊరు మాత్రం వాటిలో లేదు. ఒకటి పోయింది, ఇంకొకటి వచ్చింది.

నా వాదానికి అసలైన చిక్కు ఇక్కడ వస్తుంది. ఆకాశం పని తగ్గించే ఉపాయమే అయితే యాకోబ్ వాన్ రాయిస్డాల్ మబ్బుల మాటేమిటి? అవి తొందరలో పూసినవి కావు. సామ్యూల్ వాన్ హోగ్‌స్ట్రాటెన్ 1678లో వెలువరించిన చిత్రకళా గ్రంథంలో ఒక పందెం కథ ఉంది. నిప్‌బెర్గెన్, వాన్ గోయెన్, పోర్సెల్లిస్ ముగ్గురూ ఒకే రోజులో తలా ఒక బొమ్మ వేయాలి. మొదటివాడు అలవాటైన చేతితో చకచకా రాసినట్టు వేసుకుంటూ పోయాడు. వాన్ గోయెన్ పలకంతా నలుపు తెలుపులు పులిమి, ఆ మరకల్లోంచి చెట్లనీ పడవల్నీ వెతికి తీశాడు. పోర్సెల్లిస్ చాలాసేపు కుంచె ముట్టకుండా కూర్చున్నాడు. బొమ్మంతా మనసులో కుదిరాక చేయి కదిపాడు. గెలిచింది అతనే. కథలో ఎంత కల్పన ఉందో గాని, వారానికి రెండు బొమ్మల లెక్కన ఒప్పుకున్న మనిషే కాసేపు ఊరికే కూర్చుని గెలిచాడన్నది నాకు ముఖ్యం. బేరం కోసం తీసిన ఖాళీ చోటు చేతికొచ్చాక, ఆ చోట ఏం చేయొచ్చో ఆలోచించేవాళ్లు పుట్టారు. ఆకాశం మూడింట రెండు వంతులైతే దాన్ని ఖాళీగా వదలలేరు. మబ్బులకూ నేలలాగే దృక్కోణం ఉంటుంది. తలమీదివి పెద్దవి, దిగంతం వైపు పోయేకొద్దీ చిన్నవై, బల్లపరుపై, వరసలు కడతాయి. రాయిస్డాల్ దీన్ని ఇంటికప్పు దూలాలంత కచ్చితంగా కట్టాడు. ఇంకో మెలిక నేలలో ఉంది. గీత దిగితే కిలోమీటర్ల దూరం కొద్ది సెంటీమీటర్లలోకి కుంచించుకుపోతుంది, లోతు చూపడానికి చోటుండదు. అందుకని అతను మబ్బుల నీడను పొలాల మీద పట్టీలుగా పరిచాడు. ఒక పట్టీ చీకటి, ఒక పట్టీ వెలుగు; ఆ వెలుగులో ఆరబెట్టిన నారబట్ట తెల్లగా మెరుస్తుంది. ఇంగ్లండ్ నుంచీ జర్మనీ నుంచీ కూడా బట్ట చలవకు హార్లెంకు వచ్చేది. ఊరికి పేరు తెచ్చిన వ్యాపారాన్ని ఒక్క వెలుగు పట్టీలో చూపించాడు. మరో సంగతి గుర్తుండాలి. ఈ బొమ్మలో కన్ను నేల మీద లేదు, ఇసుకదిబ్బ మీదుంది. ఎత్తైన కన్ను, అడుగున గీత. పాటినిర్ కోరుకున్న ఎత్తునూ వాన్ గోయెన్ దించిన గీతనూ అతను కలిపాడు. ఆ కాలపు జాబితాల్లో ఇలాంటివాటికి ముద్దుగా హార్లెంప్యే అనే పేరు వాడారు, హార్లెం చిన్నది అని. వస్తువుకు పేరు పడిందంటే అంగడిలో దానికి విడిగా గిరాకీ ఉన్నట్టే.

ఆకాశానికి ఇంత చోటు ఇవ్వడంలో కాల్విన్ మతపు దైవభావన ఉందనే వాదన కూడా ఉంది. ఆకాశం ఎదుట మనిషి అల్పుడని. కొన్న ఒక్కో ఇంట్లో ఎవరు ఏమనుకున్నారో చెప్పలేం గాని, వేసినవాళ్లను చూస్తే అది ఆగదు. సాలమన్ వాన్ రాయిస్డాల్ మెన్నోనైట్, వాన్ గోయెన్ కాథలిక్; ఇద్దరూ కాల్విన్ మతస్థులు కారు. ఇద్దరి గీతా ఒకేలా దిగింది.

ఇంకా బలమైన పరీక్ష, బేరం అవసరం లేనివాళ్లు గీత ఎక్కడ గీశారన్నది. పీటర్ పాల్ రూబెన్స్ 1635లో హెట్ స్టేన్ అనే జమీ కొన్నాడు. మరుసటి ఏడాది ప్రాంతంలో, ఉదయం వేళ తన జమీ ఎలా ఉంటుందో పెద్ద పలక మీద వేసుకున్నాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వాన్ గోయెన్ గీత అడుగుకు దిగిపోయిన రోజులే అవి. నేలా అలాంటి చదునే. రూబెన్స్ గీతను మాత్రం పైనే ఉంచాడు. ఎందుకుంచడు? అది అమ్మకానికి వేసినది కాదు. తన మేడ, తన చెట్లు, తన పొలాలు, సంతకు పోయే తన బండి, అన్నీ కనబడాలి. నేల ఉన్నవాడు నేలను దాచుకోడు. ఇటు ఫిలిప్స్ కోనింక్ ఇంకోలా నడిచాడు. ఆమ్‌స్టర్‌డామ్ రోటర్‌డామ్‌ల మధ్య పడవల వ్యాపారం ఉన్న మనిషి. మీటరున్నరకు పైబడిన వెడల్పు కాన్వాసుల మీద గీతను సరిగ్గా నడిమికి దగ్గరగా లాగాడు. నేలా ఆకాశమూ చెరిసగం. బొమ్మను సగానికి కోయకూడదని ఈ రోజు ఏ బడిలోనైనా చెబుతారు. కోనింక్ బొమ్మల ముందు ఆ మాట గుర్తుకు రాదు. కింద సగం మెలికలు తిరిగే నదులతో, పై సగం కదిలే మబ్బులతో సరితూగి, మధ్య గీత బొమ్మ అంచులు దాటి రెండు పక్కలా సాగిపోతున్నట్టుంటుంది. ఈ ఇద్దరి వల్ల నా వాదం కొంచెం తగ్గించి చెప్పాల్సి వస్తుంది. అంగడి అందరి చేతా గీత దింపించలేదు. ఎవరికి కొనేవాడు ముఖ్యమో వాళ్ల చేత దింపించింది, ఆ తర్వాత దాన్ని మంచి అలవాటుగా మిగతావాళ్లకు నేర్పింది.

పై గీత అజ్ఞానానికి గుర్తు కాదనడానికి తెలుగు నేల నుంచే ఒక సాక్ష్యం చూపొచ్చు. ఆ సాక్ష్యానికీ ఈ డచ్చివాళ్లకీ పాత పరిచయమే. వాళ్ల ఓడ 1605లో బందరు చేరింది. వాళ్లను మనవాళ్లు వలందులన్నారు, ఊళ్లో వలందపాలెం ఇప్పటికీ ఉంది. గోల్కొండ చిత్రకారులు సుల్తానులవీ సర్దారులవీ రూపచిత్రాలు వేసి విదేశీయులకు అమ్మేవారు. అలా పోయిన ఒక ఆల్బమ్, 1686 ప్రాంతపుది, ఆమ్‌స్టర్‌డామ్ మేయరు నికోలాస్ విట్సెన్ చేతికి చేరి, ఇప్పుడు అవర్‌కాంప్ మంచు బొమ్మ ఉన్న రైక్స్ మ్యూజియంలోనే ఉంది. రెంబ్రాంట్ మొఘల్ చిత్రాలు ఇరవైకి పైగా నకలు వేసుకున్నాడు. మన దక్కనీ, మొఘల్ బొమ్మల్లో గీత ఉంటే చాలా పైన, మీద సన్నని ఆకాశపు పట్టీ. చేర్యాల నకాషీ పటంలో అసలు గీతే లేదు. ఎర్రని నేల, దాని మీద వరస వెంట వరస కథ. పటం విప్పుకుంటూ పాడే కథకుడికి వేళ తెలిపే ఆకాశంతో పని లేదు. ఎవరు వచ్చారు, ఎవరితో ఏమన్నారు అన్నదే కావాలి. కొన్నవాడూ వాడినవాడూ అతనే గనక గీతకు అక్కడ చోటు దొరకలేదు. బ్రూగెల్ బొమ్మకూ దీనికీ పోలిక శైలిలో లేదు, పనిలో ఉంది. రెండూ చెప్పించుకునే బొమ్మలే. చెప్పించుకునే బొమ్మకు గీత పైకి పోవాలి, లేదా పోనే పోవాలి. రాయిస్డాల్ బొమ్మలో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అది ఫలానా వేళ, ఫలానా గాలి, మబ్బు ఇంకాసేపట్లో జరిగిపోతుందన్న భావం. గోడకు తగిలించుకుని ఒంటరిగా చూసుకునేది.

ఇదంతా తర్వాతివాళ్ల చేతిలో సూత్రమైపోయింది. ఇప్పుడు ఫోను కెమెరాలో కనిపించే నిలువూ అడ్డమూ రెండేసి గీతల గడిని ఫొటోగ్రాఫర్లు రూల్ ఆఫ్ థర్డ్స్ అంటారు, దిగంతం పై గీత మీదో కింది గీత మీదో పడాలంటారు. ప్రకృతి ధర్మంలా వినిపించే ఆ మాటను ఆ పేరుతో మొదట అచ్చులో పెట్టింది లండన్‌కు చెందిన జాన్ థామస్ స్మిత్ అనే చెక్కడపు పనివాడు. పల్లె దృశ్యాల మీద రాసిన పుస్తకంలో, ఆకాశం మూడింట రెండు వంతులో ఒక వంతో ఉండాలని లెక్క కట్టి చెప్పాడు. ఆ లెక్కకు అతను చూపిన ఆధారం బయటి దృశ్యం కూడా కాదు, రెంబ్రాంట్‌దని అప్పట్లో అనుకున్న ఒక చీకటి గది బొమ్మ. స్మిత్ పుస్తకం వెలువడింది 1797లో. హార్లెం మీద మబ్బుల్ని నిలబెట్టిన రాయిస్డాల్ చనిపోయి అప్పటికి 115 ఏళ్లు.